ఒడి తేదీ, కాగితం తేదీ: దత్తత బిడ్డకు వైద్యం, ఆరోగ్య బీమా గురించి తరచూ అడిగే ప్రశ్నలు

దత్తత బిడ్డకు రెండు తేదీలుంటాయి. బిడ్డ మన ఒళ్లోకి వచ్చిన తేదీ ఒకటి, ఈ బిడ్డ వీళ్లదేనని కలెక్టరు సంతకం పెట్టిన తేదీ ఇంకొకటి. రెండింటి నడుమ ఒక్కోసారి నెలలు గడుస్తాయి. జ్వరం ఏ సంతకం కోసమూ ఆగదు. పగిడ్యాల, నందికొట్కూరు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇళ్లలో బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులైనా, అమెరికాలో ఉన్న కొడుకూ కోడలి తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే అవ్వాతాతలైనా ఏ ప్రశ్నతో మొదలుపెట్టినా చివరికి ఈ రెండు తేదీల దగ్గరికే వస్తారు. మన ఊరి ప్రశ్నలు ముందు, సముద్రం దాటే ప్రశ్నలు తర్వాత చూద్దాం.

శిశుగృహ నుంచి పాపను తెచ్చుకున్నాం. ఆర్డరు ఇంకా రాలేదు. ఈలోపు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎట్లా?

అందరికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే, అందరూ చివర్లో అడిగేదీ ఇదే. దేశంలోని దంపతులు కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ పద్ధతిలో బిడ్డను ఒప్పుకున్నాక, దత్తత ఆర్డరు రాకముందే ‘ఫాస్టర్ కేర్’ ఒప్పందం మీద బిడ్డను ఇంటికి పంపుతారు. మంచి ఏర్పాటే. శిశుగృహ తొట్టిలో ఇంకో మూడు నెలలు గడిపే కంటే అమ్మ పక్కన పడుకోవడం బిడ్డకు మేలు. కానీ చట్టం దృష్టిలో ఆ రోజుల్లో మీరు పెంచేవాళ్లే, ఇంకా తల్లిదండ్రులు కారు. ఆర్డరు ఇచ్చే అధికారం 2022 సెప్టెంబరు 1 నుంచి కోర్టుల చేతిలోంచి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. దరఖాస్తు అందిన రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ప్రైవేటు బీమా పాలసీల్లో మాత్రం ‘చట్టబద్ధంగా దత్తత తీసుకున్న బిడ్డ’ అన్న మాటే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఆర్డరు అడుగుతారు.

అందుకని బిడ్డను ఎత్తుకొని ఇంటికి బయలుదేరేముందే మూడు పనులు చేయండి. బీమా కంపెనీకి, కంపెనీ పాలసీ ఉంటే మీ హెచ్ఆర్‌కు, ఫాస్టర్ కేర్ ఒప్పందం మీద పేరు చేరుస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఫోనులో ‘అవుతుందిలే మేడం’ అన్న మాట క్లెయిము రోజున పనికిరాదు. రెండోది, అత్యవసరంగా ఆపరేషను అవసరమైతే అంగీకార పత్రం మీద ఎవరు సంతకం పెట్టాలో శిశుగృహ నుంచి ఉత్తరం తీసుకోండి. అర్ధరాత్రి ఆపరేషను థియేటరు ముందు నిలబడి ఆ చర్చ చేయకూడదు. మూడోది, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు, ఒప్పందం, వైద్య పరీక్షల నివేదిక, టీకాల కార్డు జిరాక్సులు ఒకే కవరులో పెట్టుకొని ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోండి.

ఆ మధ్యకాలంలో మీకు నిజంగా అండ ప్రభుత్వ ఆసుపత్రే. ఏడాది లోపు బిడ్డ జబ్బు పడితే జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలను పద్దెనిమిదేళ్ల వరకు చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. నంద్యాల ప్రభుత్వాసుపత్రికి 2023లో వైద్య కళాశాల తోడైంది. పెద్ద చికిత్సలకు కర్నూలు సర్వజన ఆసుపత్రి ఉండనే ఉంది.

మా ఆరోగ్యశ్రీ కార్డులో దత్తత బిడ్డ పేరు ఎక్కుతుందా?

ఎక్కుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటుంది. దత్తత బిడ్డ ఆ కుటుంబంలో మనిషే. పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. చిక్కంతా వరసలో ఉంది. దత్తత ఆర్డరు వస్తేనే మీ పేర్లతో కొత్త జనన ధ్రువపత్రం వస్తుంది. అది ఉంటేనే బాల ఆధార్. ఆధార్ ఉంటేనే సచివాలయంలో కార్డులో పేరు చేర్పు. ఒక్కో మెట్టు దగ్గర పది రోజులు ఆగితే నెల పోయినట్టే. కాబట్టి ఆర్డరు చేతికొచ్చిన రోజే జనన ధ్రువపత్రం గురించి శిశుగృహ వాళ్లను అడగండి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు, కంటిపాప గుర్తులు తీయరు. తల్లి లేదా తండ్రి ఆధార్‌తో ముడిపెట్టి ఇస్తారు. ఆసుపత్రిలో సందేహమొస్తే ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోను చేయండి.

ప్రభుత్వోద్యోగుల హెల్త్ స్కీములో దత్తత పిల్లలు కూడా కుటుంబ సభ్యులే. ఈఎస్ఐ చట్టం కుటుంబమన్న మాటకు చెప్పిన అర్థంలోనే దత్తత బిడ్డ ఉన్నాడు. ఆఫీసులో ఎవరైనా సందేహపడితే ఆ నిర్వచనం చూపించండి.

ప్రైవేటు ఫ్యామిలీ పాలసీ ఉంది. ఏడాది మధ్యలో చేరుస్తారా? బిడ్డ గుండెలో చిన్న రంధ్రం ఉందన్నారు.

కొత్తగా పెళ్లయి వచ్చిన భార్యను, పుట్టిన బిడ్డను చేర్చినట్టే దత్తత బిడ్డను కూడా ఏడాది మధ్యలో చేర్చుకునే వీలు చాలా పాలసీల్లో ఉంటుంది. ఎన్ని రోజుల్లో చెప్పాలో పాలసీ పుస్తకంలో చూడండి. గడువు దాటితే రెన్యువల్ దాకా ఆగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఆ మేరకు భారం తగ్గింది.

జబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. పుట్టుకతో వచ్చిన లోపాలను బీమా వాళ్లు రెండు రకాలు చేస్తారు. కంటికి కనపడేవి బయటి లోపాలు: గ్రహణం మొర్రి, వంకర పాదం. కనపడనివి లోపలి లోపాలు: గుండె రంధ్రం, మూత్రపిండాల తేడా. లోపలి వాటిని శాశ్వతంగా మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. బయటి వాటిని మినహాయించే పాలసీలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మీ పాప గుండె రంధ్రానికి కంపెనీ ‘ముందునుంచే ఉన్న జబ్బు’ అని వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. 2024 నుంచి అది 36 నెలలు మించకూడదు. కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఈ వెయిటింగ్ అసలే ఉండదు. భార్యాభర్తల్లో ఒకరికి అలాంటి ఉద్యోగముంటే బిడ్డను అందులోనే ముందు చేర్చండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రపోజల్ ఫారంలో దాచొద్దు. ఏజెంటు ‘రాయకపోతే మంచిది’ అన్నా సరే, శిశుగృహ వైద్య నివేదికలో ఉన్నదంతా రాయండి, జిరాక్సు జతచేయండి. 60 నెలలు వరసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారని క్లెయిము తోసిపుచ్చడానికి లేదు. ఆ ఐదేళ్లు గడిచేలోపే బిడ్డకు ఆపరేషను అవసరమైతే, దాచిన ఒక్క గీత మొత్తం పాలసీని ముంచుతుంది.

గ్రహణం మొర్రికి బీమా రాదని దిగులుపడొద్దు. ఆ ఆపరేషను ఉచితంగా చేసే ఆసుపత్రులకు స్మైల్ ట్రెయిన్ అనే అంతర్జాతీయ సంస్థ దేశమంతటా డబ్బు సాయం చేస్తుంది. బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి, వంకర పాదం, పుట్టు చెవుడు, పుట్టుకతో కంటిశుక్లం, గుండె లోపాలు అన్నీ ఉన్నాయి.

వైద్య నివేదిక ఇచ్చారు. అంతా ఇంగ్లీషు, అంకెలు. ఏం చూడాలి?

బిడ్డను చూపించేటప్పుడు రెండు కాగితాలిస్తారు. ఒకటి బిడ్డ నేపథ్యం చెప్పేది, ఇంకొకటి వైద్య పరీక్షలది. ఒప్పుకునే ముందు ఆ వైద్య నివేదికను మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకునే హక్కు మీకుంది. ఈ హక్కు వాడుకోవడం బిడ్డను అనుమానించడం కాదు. బిడ్డకు ఏం కావాలో ముందే తెలుసుకోవడం. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి తల చుట్టుకొలత, బరువు నెలనెలా ఎట్లా పెరిగాయో గీత గీయమనండి. ఒక్కరోజు బరువుకంటే ఆ గీత ఎక్కువ చెబుతుంది. శిశుగృహకు వచ్చినప్పుడు బరువు తక్కువగా ఉండి, తర్వాత గీత పైకి లేస్తుంటే ఆ బిడ్డ కోలుకుంటున్నట్టే. హెచ్ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు ఏ వయసులో చేశారో చూడండి. తల్లి రక్తంలోంచి వచ్చిన ప్రతిరక్షకాలు పసిబిడ్డలో ఏడాదిన్నర దాకా కనిపించవచ్చు. అందుకే నెలల బిడ్డకు హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అన్నంత మాత్రాన బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు. అసలు వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష వేరే ఉంది, దాని ఫలితం అడగండి. ఆ తేడా తెలియక వెనక్కి తగ్గిన దంపతులను తలచుకుంటే బాధేస్తుంది.

ఈ కాగితాల వెనక పెద్ద చరిత్ర ఉంది. విదేశాలకు దత్తత పేరుతో పిల్లల వ్యాపారం జరుగుతోందని ఒక న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకొని, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి ధర్మాసనం బిడ్డ నేపథ్య నివేదిక తప్పనిసరి చేసింది. 1990లో కారా వచ్చింది. అయినా మన ఉమ్మడి రాష్ట్రంలో 1999లో, మళ్లీ 2001లో, తండాల నుంచి ఆడపిల్లలను కొని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారాలు బయటపడ్డాయి. పిల్లల పుట్టుక కాగితాలే తయారుచేసినవైతే తల్లి ఎవరో, ఇంట్లో ఏ జబ్బు నడుస్తోందో ఎవరికి తెలుస్తుంది? అప్పుడు అలా వెళ్లిన పిల్లలు పెద్దవాళ్లయి, డాక్టరు ‘మీ వంశంలో ఎవరికైనా’ అని అడిగినప్పుడల్లా ఖాళీ గడి వదిలేస్తున్నారు.

మా తమ్ముడు అమెరికా పౌరుడు. అక్కడి కంపెనీ బీమాలో బిడ్డను ఎప్పుడు చేర్చాలి?

ఇక్కడ అమెరికా చట్టం మన చట్టం కంటే ముందుచూపుతో ఉంది, చెప్పక తప్పదు. ఉద్యోగులకు ఆరోగ్య బీమా ఇచ్చే కంపెనీల మీద ఎరిసా అనే చట్టం ఉంది. దాని ప్రకారం దత్తత పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. దత్తత తీసుకుంటామన్న ఉద్దేశంతో బిడ్డ పోషణ బాధ్యతను చట్టపరంగా తలకెత్తుకున్న రోజునుంచే, కడుపున పుట్టిన బిడ్డతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. ముందునుంచే జబ్బుందన్న సాకు చెల్లదు. అక్కడ లెక్కలోకి వచ్చేది ఒడి తేదీ.

కానీ గడువు చాలా చిన్నది. ఆ రోజునుంచి 30 రోజుల్లోపు హెచ్ఆర్‌కు చెప్పాలి. చెబితే కవరేజీ వెనక్కి, బిడ్డను అప్పగించిన తేదీ దాకా వెళ్తుంది. చెప్పకపోతే మామూలుగా ఏడాది చివర జరిగే నమోదు దాకా ఆగాలి. కంపెనీ బీమా లేక ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కునేవాళ్లకు 60 రోజులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కలెక్టరు ఆర్డరు ఒక తేదీ, పాస్‌పోర్టు వచ్చింది ఒక తేదీ, విమానం దిగింది ఒక తేదీ. ‘ఇంటికి చేరాక చెబుదాంలే’ అనుకుంటారు. ఢిల్లీలో వీసా కోసం రెండు వారాలు, ప్రయాణపు అలసట, బిడ్డకు నిద్ర పట్టని రాత్రులు. ముప్పై రోజులు తెలియకుండా కరిగిపోతాయి. బిడ్డను చేతుల్లోకి తీసుకున్న వారంలోనే మెయిల్ పెట్టమనండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదనో, అమెరికా జనన ధ్రువపత్రం లేదనో ఆగొద్దు. ఆర్డరు, దేశాల మధ్య దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందం ఇరవైమూడో అధికరణ కింద కారా ఇచ్చే ధ్రువపత్రం, పాస్‌పోర్టు జతచేస్తే నంబరు తర్వాత చేర్చుకోవచ్చు.

ఇండియాలో ఉండగా బిడ్డ జబ్బుపడితే బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో, ఆసుపత్రి ముద్రతో తీసుకోండి. విదేశంలో అత్యవసర వైద్యానికి డబ్బు తిరిగిచ్చే ప్లాన్లున్నాయి.

పౌరసత్వం గురించి: 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, దత్తత ఇక్కడే పూర్తయి ఐహెచ్-3 వీసా మీద వెళ్లిన పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ అమెరికాలో తల్లిదండ్రులతో ఉండడానికి అడుగుపెట్టగానే పౌరుడవుతాడు. కాబట్టి మెడికెయిడ్ వంటి ప్రభుత్వ బీమాకు వలస వచ్చినవాళ్ల మీద ఉండే ఐదేళ్ల ఆంక్ష ఆ బిడ్డకు వర్తించదు.

మా కొడుకు హెచ్-1బీ మీద ఉన్నాడు. అతనికీ ఇదే పద్ధతా?

కాదు. నిజానికి మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇదే, ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే. అమెరికా హేగ్ దత్తత దరఖాస్తు పెట్టగలిగింది అక్కడి పౌరులు మాత్రమే. హెచ్-1బీ, గ్రీన్‌కార్డు వాళ్లకు ఆ దారి లేదు. వాళ్లకు మిగిలే దారిలో బిడ్డను పదహారేళ్లలోపు దత్తత తీసుకొని ఉండాలి, చట్టపరమైన సంరక్షణలో రెండేళ్లు కలిసి బతికి ఉండాలి. అప్పుడే అమెరికా వీసా అధికారులు ఆ బిడ్డను వాళ్ల బిడ్డగా చూస్తారు. అందుకే భార్యాభర్తల్లో ఒకరు రెండేళ్లు ఇండియాలో ఉండిపోవాల్సి వస్తుంది. ఈ సంగతి తెలియకుండా కారాలో పేరు నమోదు చేసుకుంటే, బిడ్డ వచ్చాక సంసారం రెండు ముక్కలవుతుంది.

ఆ రెండేళ్లకు బీమా ఎట్లా? నా సలహా రెండు చోట్లా పెట్టుకోమని. ఇక్కడ ఉండే తల్లి పేరున ఒక ఫ్యామిలీ పాలసీ తీసుకొని బిడ్డను అందులో చేర్చండి. రోజువారీ జ్వరాలకు, ఆసుపత్రికి అదే పనికొస్తుంది. అక్కడి కంపెనీ ప్లానులో కూడా ముప్పై రోజుల్లోపే చేర్చమని హెచ్ఆర్‌ను అడగండి. ప్రీమియం కాస్త పెరుగుతుంది. కానీ బిడ్డ అక్కడ కాలు పెట్టిన రోజున చేతిలో కార్డు ఉంటుంది.

గల్ఫ్‌లో, బ్రిటన్‌లో ఉన్నవాళ్ల సంగతి?

ముందు ఆ దేశ రాయబార కార్యాలయంలో తేల్చుకోండి. మన దేశంలో ఏ మతస్థులైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కువైట్, సౌదీ వంటి చోట్ల కుటుంబ చట్టం దత్తతను మనలా గుర్తించదు. బిడ్డకు డిపెండెంట్ వీసా, దాంతో ముడిపడ్డ బీమా దగ్గర ఆగిపోవచ్చు. బ్రిటన్‌కు డిపెండెంట్ వీసా మీద వెళ్లే పిల్లలకు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కడితే అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం దొరుకుతుంది. ఆ లెక్క సులువు.

మా అన్న బిడ్డను అమెరికాలో ఉన్న మా చెల్లెలు తీసుకుంటుంది. ఇంట్లో మాటే కదా, ఇన్ని కాగితాలెందుకు?

బంధువుల బిడ్డకైనా హేగ్ పద్ధతి తప్పదు. మేనత్త, బాబాయి, పిన్ని, మేనమామ, తాత, అవ్వ ‘బంధువులు’ అన్న మాటలోకి వస్తారు. నంద్యాలలోని జిల్లా బాలల పరిరక్షణ విభాగం బిడ్డ కుటుంబం గురించి నివేదిక రాస్తుంది. కారా నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ముందుగా ఇంట్లో దత్తహోమం చేసి, రిజిస్టరు చేయించి, తర్వాత వీసాకు పెట్టుకుందామనుకుంటే అమెరికా వైపు తలుపు మూసుకుంటుంది. అక్కడి ప్రాథమిక అనుమతి వచ్చాకే ఇక్కడ దత్తత పూర్తవ్వాలి. హిందూ దత్తత చట్టం కింద ఇచ్చిన బిడ్డను విదేశానికి తీసుకెళ్లాలన్నా 2021 సెప్టెంబరు నుంచి కలెక్టరు పరిశీలన, కారా పత్రం కావాలి.

ఈ దారిలో ఒక మేలుంది. కన్నవాళ్లు ఎదురుగానే ఉంటారు కాబట్టి వైద్య చరిత్ర మొత్తం దొరుకుతుంది. అవ్వకు షుగరు ఎప్పుడొచ్చింది, పెద్దనాన్నకు గుండెపోటు ఏ వయసులో, పురుడెట్లా జరిగింది, ఇంట్లో మేనరికాలున్నాయా. మన వైపు మేనరికాలు మామూలే. వంశపారంపర్య రక్తహీనతలు, పుట్టు చెవుడు అడిగేటప్పుడు డాక్టరుకు ఈ మాట తప్పక చెప్పాలి. ఒక నోటుపుస్తకంలో రాసి బిడ్డతో పంపండి.

కాగితమేదీ లేదు. పురిట్లోనే తెచ్చుకున్నాం, మా పేరుతోనే పెంచుతున్నాం.

ఈ మాట గుసగుసగా చెప్పేవాళ్లు చాలామంది. నేను తప్పుపట్టడానికి కూర్చోలేదు, ఆ బిడ్డ కోసం చెబుతున్నాను. ఆసుపత్రి రికార్డులో కన్నతల్లి బదులు మీ పేరు రాయించి ఉంటే, బిడ్డ రక్తపు గ్రూపు మీ ఇద్దరితో కలవని రోజు ఒకటి వస్తుంది. మూత్రపిండమో మూలకణాలో అవసరమైతే డాక్టరు తల్లిదండ్రులను పరీక్షిస్తాడు. అక్కడ అబద్ధం నిలవదు. చికిత్స మాత్రం ఆలస్యమవుతుంది. క్లెయిము కాదనడానికి బీమా కంపెనీకి కారణం దొరుకుతుంది.

తెలిసినవాళ్ల బిడ్డ అయితే, హిందూ దత్తత చట్టం, 1956 కింద కన్నవాళ్లు ఇచ్చి మీరు పుచ్చుకొని, పదిహేనేళ్లలోపు బిడ్డకు రిజిస్టరు దత్తత పత్రం రాయించుకోవచ్చు. హోమం తప్పనిసరి కాదు, ఇవ్వడం పుచ్చుకోవడం తప్పనిసరి. వదిలేసిన బిడ్డ దొరికితే మాత్రం సొంతంగా ఉంచుకోవడానికి లేదు. ఇరవై నాలుగు గంటల్లో చైల్డ్‌లైన్ 1098కి గానీ, బాలల సంక్షేమ కమిటీకి గానీ తెలపాలి. పద్ధతి తప్పి అలాంటి బిడ్డను దత్తత పేరుతో ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఏళ్లు గడిచిపోయి ఉంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆయనతో మొత్తం నిజం చెప్పండి.

వీసా ముందు వైద్య పరీక్షలో ఏం చేస్తారు? టీకాలన్నీ వేయించాలా?

అమెరికా రాయబార కార్యాలయం గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు క్షయ కోసం రక్త పరీక్ష చేస్తారు. క్షయ తేలితే చికిత్స పూర్తయ్యేదాకా ప్రయాణం ఆగవచ్చు. కాబట్టి దగ్గు, బరువు తగ్గుదల ఉంటే ఆ అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ముందే చూపించండి. టీకాల విషయంలో పదేళ్లు, అంతకు లోపు దత్తత పిల్లలకు వెసులుబాటు ఉంది. అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వొచ్చు.

మన అంగన్‌వాడీలో వేసే పట్టికకూ అక్కడి పట్టికకూ తేడా ఉంది. బీసీజీ ఇక్కడ పుట్టగానే వేస్తారు, అక్కడ వేయరు. గవదబిళ్లలు, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ టీకాలు మన ప్రభుత్వ పట్టికలో లేవు, అక్కడ కావాలి. రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. ఆ తర్వాత పుట్టిన బిడ్డల కార్డులో అది ఉంటుంది. కార్డు అసలు ప్రతిని ఎవరికీ ఇచ్చేయకండి.

అక్కడి డాక్టరుకు ముందుగా ఏం చెప్పాలి?

చేరిన రెండు వారాల్లోపు ఒకసారి చూపించాలి, జబ్బు ఉన్నా లేకపోయినా. రక్తహీనత, సికిల్‌సెల్, తలసీమియా, సీసం, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, పేగుల్లో పురుగులు, క్షయ, విటమిన్ డి పరీక్షలు అడగండి. ఇక్కడ చేసినవే అయినా మళ్లీ చేస్తారు. కొన్నింటిని ఆరు నెలలకు ఇంకోసారి చేస్తారు. చేయనివ్వండి.

రెండు చిన్న సంగతులు పెద్ద గొడవలు తప్పిస్తాయి. మన పిల్లల నడుము కింద, పిరుదుల మీద నీలంగా, బూడిదరంగులో పుట్టుమచ్చల్లాంటి మరకలుంటాయి. మనింట్లో అవ్వ చూసి ‘పుట్టుమచ్చే’ అని వదిలేస్తుంది. అలవాటు లేని విదేశీ టీచరుకు అది కొట్టిన దెబ్బలా కనిపిస్తుంది, పిల్లల రక్షణ శాఖకు ఫోను వెళ్తుంది. ఇక్కడి డాక్టరుతో ఆ మరక ఎక్కడ, ఎంత సైజో రాయించి, ఫొటో తీయించి పెట్టుకోండి. రెండోది, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ. అది ఉన్న బిడ్డకు చర్మం మీద చేసే క్షయ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపొచ్చు. రక్త పరీక్షే చేయమనండి.

తిండి, నిద్ర కూడా వైద్యమే. పళ్లెంలో అన్నం దాచుకునే బిడ్డ, రాత్రి తలుపు చూస్తూ పడుకునే బిడ్డ మొండివాడు కాదు. ఆకలి తెలిసినవాడు, మనుషులు మారిపోవడం చూసినవాడు. మానసిక వైద్యానికి శారీరక వైద్యంతో సమానంగా బీమా ఇవ్వాలని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. సిగ్గుపడకుండా వాడుకోండి.

ఆపరేషను ఇక్కడ చేయించి పంపాలా, అక్కడికెళ్లాకా?

విదేశాలకు వెళ్లే మన పిల్లల్లో ప్రత్యేక అవసరాలున్నవాళ్లు, ఐదేళ్లు దాటినవాళ్లు, తోబుట్టువులు ఎక్కువ. చట్టమే వాళ్లకు విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇస్తుంది. డాక్టరు ‘ఆగితే ముప్పు’ అంటే ఇక్కడే, వెంటనే. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులకు, చెవుడుకు కాక్లియర్ ఇంప్లాంట్‌కు మన రాష్ట్ర పథకంలో చోటుంది. ఆగగలిగినదైతే అమ్మానాన్న పక్కన ఉన్నప్పుడు చేయించడం మేలు. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి తెలిసిన ముఖం కనబడాలి. కాక్లియర్ పెట్టిస్తే ఇంకో లెక్కుంది: ఆ పరికరం కంపెనీకి వెళ్లే దేశంలో సర్వీసు ఉందో లేదో ముందే కనుక్కోండి.

క్లెయిము తోసిపుచ్చారు. ఎవరికి చెప్పుకోవాలి?

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా. కదలిక లేకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు. అక్కడా కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 నిబంధన. హెచ్ఐవీ ఉందన్న కారణంతో బీమాలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది. ‘దత్తత బిడ్డ కాబట్టి’ అని ఎవరైనా నోటితో అంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి.

బడిలో, ఆసుపత్రిలో, ఆఫీసులో దత్తత అని అందరికీ చెప్పాలా?

బీమా కంపెనీకి ఆర్డరు చూపాలి, డాక్టరుకు నిజం చెప్పాలి. మిగతా ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. కొత్త జనన ధ్రువపత్రంలో మీరే తల్లిదండ్రులు. బడికి అది చాలు. బిడ్డకు మాత్రం చెప్పండి, ఊహ తెలిసేనాటికే, కథలాగా. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కునే హక్కు ఆ బిడ్డకుంది. కన్నవాళ్లు ఒప్పుకోకపోతే పేర్లు ఇవ్వరు. కానీ మీ దగ్గర భద్రంగా ఉన్న ఆ వైద్య నివేదిక ఎప్పటికీ తనదే.

దత్తత అయ్యాక కూడా దత్తత సంస్థ వాళ్లు ఇంటికొస్తారట. భయపడాలా?

దేశంలోని దత్తతకు రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి, విదేశాల్లో మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి చూస్తారు. వచ్చిన మనిషి తప్పులు వెతకడానికి రాలేదు. ‘బరువు పెరగడం లేదు, మాట రావడం లేదు, మాకు నిద్ర లేదు’ అని చెప్పుకోవడానికి అదే సమయం. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లకు పిల్లల డాక్టర్లు, మాట నేర్పేవాళ్లు ఎక్కడున్నారో తెలుసు. టీ ఇచ్చి కూర్చోబెట్టి, అడగండి.